ఆఫీసు ప్లాను, ఇంటి ప్లాను

మా ఊళ్ళో ఇల్లు కట్టాలంటే రెండు ప్లానులు గీయిస్తారు. ఒకటి మున్సిపల్ ఆఫీసుకి, ఇంకోటి మేస్త్రికి. ఆఫీసు ప్లానులో చుట్టూ వదలాల్సిన ఖాళీ అంతా వదిలేసి, ఇల్లు మధ్యలో బుద్ధిగా కూర్చుని ఉంటుంది. మేస్త్రి చేతికిచ్చే ఇంటి ప్లానులో అదే ఇల్లు ప్రహరీ గోడల దాకా ఒళ్ళు విరుచుకుంటుంది. ఇది తప్పని అందరికీ తెలుసు. తెలిసినా ఎవరికీ తప్పు చేస్తున్నట్టు ఉండదు. బందరులో పుట్టి, బందరులోనే అరవైకి దగ్గరపడ్డవాణ్ణి, నాకు మాత్రం ఎందుకుంటుంది?

గిలకలదిండి దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళుగా సూపర్‌వైజర్ని. చేరిన కొత్తలో ఐసు దిమ్మ ముట్టుకుంటే వేళ్ళు మండేవి. కొన్నాళ్ళకి ఆ మంట తెలియడం మానేసింది. చేపల పడవలు కదిలే వేళకి ఐసు అందకపోతే పడవలవాళ్ళు నన్ను తిట్టడం, నేను వాళ్ళని తిట్టడం, ఇదే రోజూ. దాంతో నా నోరు అలా తయారైంది. ఇంట్లో కూడా నెమ్మదిగా మాట్లాడటం చేతకాదు. గొప్పకి చెప్పట్లేదు. జరిగినదాంట్లో నా నోటి పాత్ర ఉంది కాబట్టి చెబుతున్నాను.

మా అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. డ్రాయింగ్ టీచరు. ఉద్యోగమంతా దివిసీమలోనే చేసింది. నాగాయలంక, కోడూరు, చివర్లో అవనిగడ్డ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని మేమూ గట్టిగా అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆవిడ అద్దెకున్న గదులన్నీ నేను చూశాను. ఏ గదికీ లోపల బాత్రూమ్ ఉండేది కాదు. మూడు మెట్లు దిగి పెరట్లోకి వెళ్ళాలి. రిటైరయ్యేనాటికి రెండు మోకాళ్ళూ మొరాయించాయి. అయినా అవనిగడ్డలో ఆ గదిలోనే ఉండిపోయింది, ఎందుకంటే బందరులో మా నాన్న వదిలివెళ్ళిన పెంకుటింట్లో నేనూ మా ఆవిడా ఉండటానికే చోటు సరిపోయేది కాదు.

ఒక వానాకాలం ఆ పెంకుటింటి దక్షిణం గోడ కూర్చుండిపోయింది. మేం వెనక సందులో ఒక అద్దె పోర్షన్లోకి మారాం. ఇక కొత్తిల్లు కట్టక తప్పదు. నాన్న ఆ స్థలం మా ఇద్దరి పేరనా రాశాడు కాబట్టి అక్కతో మాట్లాడదామని అవనిగడ్డ వెళ్ళాను.

"కడదాం రా" అంది. "నాకో గది చాలు. మంచం, బీరువా పట్టాలి. బాత్రూమ్ గదిలోనే ఉండాలి. గడప ఉండకూడదు, కాలు ఎత్తి వేయలేకపోతున్నాను. అంతే."

"అంతేనా? కిటికీలోంచి సముద్రం కూడా కనపడాలేమో చెప్పు."

"సముద్రం వద్దు గానీ, నీ అరుపులు వినపడకుండా తలుపు గట్టిది పెట్టించు."

నలభై ఏళ్ళలో మా అక్క నన్ను అడిగింది ఆ గది ఒక్కటే. వచ్చేటప్పుడు బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చి, "వచ్చే ఏడాదికి అక్కడికి వచ్చేస్తానన్నమాట" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూసి నాకు చాలా సంతోషమేసింది. ఆ సంతోషం నాకు బాగా గుర్తుంది. తర్వాత అలాంటిది మళ్ళీ రాలేదు కాబట్టి గుర్తుండిపోయింది.

కోనేరు సెంటర్లో ఒక జిరాక్స్ షాపు మీద ప్లానులు గీసే ఇంజనీరు ఉంటాడు. కుర్రాడే, మంచివాడు. అందరినీ బాబాయ్ అంటాడు. స్థలం కొలిపించుకొచ్చి, కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టి విడమర్చి చెప్పాడు.

"బాబాయ్ గారూ, మీ ముందు రోడ్డు చిన్నది. నాలుగడుగులు రోడ్డుకి రాసివ్వాలి. పక్కలా వెనకా సెట్‌బ్యాక్ అని ఖాళీ వదలాలి. మిగిలినదాంట్లో హాలు, వంటిల్లు, ఒక బెడ్‌రూమ్ వస్తాయి. అంతకంటే రావు."

"మరి మా అక్క గది?"

"అది ఇంటి ప్లానులో వేద్దాం. వెనక గోడా, దక్షిణం గోడా ప్రహరీకి కలిపేస్తే శుభ్రంగా గదీ బాత్రూమూ వచ్చేస్తాయి. ఆఫీసు ప్లానులో ఇవేవీ చూపించం."

సరే అన్నాను. అందరూ చేసేదే. నా కళ్ళముందే రెండూ ప్రింటు తీసిచ్చాడు. ఇంటి ప్లానులో అక్క గది మీద వేలు పెట్టి చూసుకున్నాను. మంచం పడుతుంది, బీరువా పడుతుంది, బాత్రూముకి గడప లేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి స్కూటర్ డిక్కీలో పెట్టుకున్నాను. అది అక్కడే ఉండిపోయింది.

ఆఫీసు ప్లాను మాత్రం ఊరంతా తిరిగింది. అంతా ఆన్‌లైనే కదా, ఇక ఆఫీసు చుట్టూ తిరిగే పని లేదనుకున్నాను. ఓరి నాయనో! ఆఫీసు చుట్టూ తిరగడమే నయం, అక్కడ కనీసం ఎదుట మనిషి ఉంటాడు, అరవొచ్చు. ఫోన్లో 'షార్ట్‌ఫాల్' అని ఒక మెసేజ్ వస్తుంది. ఏదో తక్కువైందని అర్థం. అది సరిచేసి పంపితే ఇంకోటి తక్కువైందని వస్తుంది. వాళ్ళ తప్పేం లేదు. తక్కువైనవన్నీ నిజంగా మా దగ్గర లేనివే.

మొదట స్థలం తాలూకు పాత దస్తావేజు కావాలన్నారు. ఇల్లంతా వెతికాను, లేదు. చివరికి మా ఆవిడే గుర్తుచేసింది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా మా నాన్న కాగితాల ట్రంకుపెట్టెని గుడివాడలో మా మావగారింటికి పంపేసేవాడు. మేం పోయినా కాగితాలుండాలి అనేవాడు. ఆఖరిసారి పంపినదాన్ని మళ్ళీ తెప్పించుకోలేదు. గుడివాడ వెళ్ళి చూస్తే పెట్టె మీద మా బావమరిది ఇన్వర్టర్ పెట్టుకుని ఉన్నాడు. దస్తావేజు లోపల చెక్కుచెదరకుండా ఉంది. తర్వాత రోడ్డుకిచ్చే నాలుగడుగులకీ రిజిస్ట్రేషన్ అన్నారు. అదీ చేయించాం. శ్రావణంలో మొదలుపెడితే దసరాలు దాటిపోయాయి.

అప్పుడు ఓటీపీలు మొదలయ్యాయి. స్థలం ఇద్దరి పేరనా ఉంది కాబట్టి ప్రతి సంతకానికీ ఇద్దరి ఫోన్లకీ నంబరు వస్తుంది. నాది నా చేతిలోనే ఉంటుంది. అక్కది అవనిగడ్డలో. ఆవిడ గదిలో సిగ్నల్ ఉండదు. మెసేజ్ రావాలంటే మెట్లు దిగి వీధి గేటు దాకా రావాలి. ఆవిడ వచ్చేలోపు ఇక్కడ గడువు అయిపోతుంది. మళ్ళీ పంపించాలి. నేను ఫ్యాక్టరీలో పని వదిలేసి ఇంజనీరు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాను, నాకు చిర్రెత్తుకొస్తుంది.

"ఫోను చేతిలో పెట్టుకుని గేటు దగ్గరే నిలబడమన్నానా లేదా?"

"నిలబడ్డానురా. ఇదుగో వస్తోంది, కేకలేయకు."

ఒక్కొక్క అంకె బోర్డు మీద రాస్తున్నట్టు చెప్పేది. అంతకుముందు వారానికోసారి ఫోన్ చేసి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఓటీపీలు మొదలయ్యాక కబుర్లు పోయాయి. నేను ఫోన్ చేస్తే చాలు, "ఉండు, గేటు దగ్గరికి వెళ్తున్నాను" అనేది.

ప్లాను మీద సంతకం పెట్టాలి కాబట్టి ఇంజనీరు దాన్ని ఆవిడకి వాట్సాప్‌లో పంపాడు. ఆఫీసు ప్లానే పంపాడు. సంతకం దాని మీదే కదా. ఇంకో ప్లాను ఉందని అక్కకి చెప్పాలని నాకు తట్టలేదు. చేపకి ముల్లుంటుందని ఎవరికైనా చెబుతామా? నాకది అంత మామూలు విషయం. మా అక్క జీవితమంతా అద్దెగదుల్లో ఉన్న మనిషనీ, ఇల్లు కట్టడమంటే ఏమిటో ఆవిడకి తెలియదనీ నేను ఆలోచించలేదు.

మర్నాడు ఓటీపీ కోసం ఫోన్ చేశాను.

"ప్లాను చూశానురా" అంది. "ఇదేనా?"

"ఇదే."

"ఫైనలా? మార్పులేం ఉండవా?"

అప్పటికే ఒకసారి గడువు అయిపోయింది. ఇంజనీరు కోసం ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు.

"ఫైనలే అక్కా! ఇప్పుడు మార్పులేంటి నా మొహం, ముందు ఓటీపీ చెప్పు."

సిగ్నల్ పోయిందేమో అనుకుని హలో హలో అని అరిచాను. తర్వాత ఆరంకెలూ చెప్పింది. ఎప్పటికంటే నెమ్మదిగా చెప్పింది. ఆ కాల్ నాకిప్పుడు మాట మాటా గుర్తే.

ఇంకోసారి కూడా సందర్భం వచ్చింది. చుట్టూ ఖాళీ వదులుతామని స్టాంపు కాగితం మీద రాసివ్వాలంటే అక్క బస్సులో బందరు వచ్చింది. నోటరీ ముందు కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని ప్రతి లైనూ చదివింది. చదివి నావైపు తిరిగి, "ఇందులో రాసినట్టే వదలాలిగా మరి?" అంది. ఎదురుగా నోటరీ ఉన్నాడు. ఏం చెబుతాను? "ఆఁ, వదలాలి" అన్నాను. పెన్ను తీసి, మార్కుల రిజిస్టర్లో పెట్టినట్టు పొందిగ్గా సంతకం పెట్టింది. బయటికొచ్చాక చెప్పాలి కదా! చెప్పలేదు. ఐసు మిషన్ ఆగిపోయిందని ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది. ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపేసి వెళ్ళిపోయాను.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ గోంగూర రొయ్యలు వండితే అక్క రెండు ముద్దలు కూడా తినలేదట. సాయంత్రం నేనొచ్చేసరికి బస్సెక్కి వెళ్ళిపోయింది.

"వదినగారు ఏదో మనసులో పెట్టుకున్నారండీ" అంది మా ఆవిడ.

"ఏముంటుంది? మోకాళ్ళ నొప్పులు."

"గది ఊసే ఎత్తలేదు. ఇదివరకు వచ్చినప్పుడల్లా అల్మారా ఎటు వైపు, కిటికీ ఎటు వైపు అని చంపేసేవారు."

"అడగలేదంటే నచ్చిందన్నమాట. నువ్వు కొత్తవి పుట్టించకు" అని కసురుకున్నాను.

మాఘమాసం వస్తుండగా పర్మిషన్ వచ్చింది. ఫ్యాక్టరీలో ఉండగా మెసేజ్. ఆర్నెల్లు దానికోసం తిరిగినవాణ్ణి, ఎగిరి గంతేయాలి. హమ్మయ్య అని కూడా అనలేదు. ఫోను జేబులో పెట్టుకుని ఐసు లోడు లెక్కచూసుకున్నాను. అంతగా అలిసిపోయి ఉన్నాను.

మా ఇళ్ళలో శంకుస్థాపనకి ఆడపడుచు రావాలి. ఈశాన్యం మూల తవ్విన గుంతలో మొదటి పాలు ఆవిడే పోయాలి. ముందురోజే మేస్త్రి వచ్చి, స్థలమంతా చదునుచేసి, పునాది గీతల మీద సున్నంతో ముగ్గు పోసి వెళ్ళాడు. నా స్కూటర్ డిక్కీలోంచి ఇంటి ప్లాను అప్పుడే మొదటిసారి బయటికొచ్చింది.

అక్క పొద్దున బస్సుకి వచ్చింది. చేతిలో పాలచెంబు పెట్టుకుని, పురోహితుడు సామాను సర్దుకునేలోపు ఆ తెల్లటి గీతల వెంట నడుచుకుంటూ వెళ్ళింది. గీతలంటే ఆవిడకి అలవాటే. వెనక వైపుకి వెళ్ళి ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది.

"మేస్త్రిగారూ, ఇక్కడ ఖాళీ వదలాలి కదండీ? గీత గోడ దాకా పోశారేంటి?"

మేస్త్రి నవ్వాడు. "ఖాళీ ఏంటండీ టీచరు గారూ! అది మీ గదేనండీ. ఇదుగో బాత్రూమ్. గడప వద్దన్నారంటగా, అయ్యగారు పదిసార్లు చెప్పారండీ."

నేను అప్పుడే అక్కడికి వెళ్ళాను. అక్క నావైపు చూసింది. చెంబు కింద పెట్టి, చేతిసంచీలోంచి ఒక కాగితం తీసింది. వాట్సాప్‌లో వచ్చిన ప్లానుని అవనిగడ్డలో ఎక్కడో పెద్దగా ప్రింటు తీయించుకుంది. మడతలు నలిగిపోయి ఉన్నాయి.

"మరి ఇందులో లేదేంరా?"

"అది ఆఫీసు ప్లాను అక్కా. ఆఫీసుకి చూపించడానికి. ఇంటి ప్లాను వేరే ఉంటుంది. అందరూ అంతే." నా గొంతు నాకే వింతగా వినిపించింది. "నీకు తెలుసనుకున్నాను."

కాగితం నా చేతికొచ్చింది. ఆవిడ ఇచ్చిందో, నేనే తీసుకున్నానో తెలియదు. హాల్లో కిటికీ కింద పెన్సిల్‌తో ఒక చిన్న దీర్ఘచతురస్రం గీసి చెరిపేసి ఉంది. వంటింటి గోడ పక్కన ఇంకోటి, అదీ చెరిపేసిందే. మెట్ల కింద మూడోది. పక్కన చిన్న అంకెలు, ఆరడుగులు, మూడడుగులు. తన మంచం. ఆ ఇంట్లో తన మంచం ఎక్కడ పడుతుందా అని స్కేలు పెట్టి కొలుచుకుంది మా అక్క. మూడు చోట్ల కొలిచి, మూడూ చెరిపేసుకుంది.

నాకు కన్నీళ్ళు రాలేదు. ఐసు గదిలో నిలబడ్డట్టు ఒళ్ళంతా మొద్దుబారిపోయింది.

మా ఆవిడ పరిగెత్తుకొచ్చి అక్క చేతులు పట్టుకుంది. "అయ్యో వదినా, ఒక్క మాట అడగాల్సింది కదా! ఈ మనిషి సంగతి మీకు తెలియదా?"

"అడిగానమ్మా" అంది అక్క. "ఫైనల్ అన్నాడు."

అప్పుడొచ్చింది నాకు కోపం. ఎవరి మీదో తెలియదు, అరిచేశాను. "అనుకుంటావా అలా? నీకు గది లేకుండా నేను ఇల్లు కడతానని ఎలా అనుకున్నావక్కా?"

"నువ్వు పంపిన కాగితం చూసి అనుకున్నానురా. నాతో సంతకం పెట్టించిన కాగితం." ఆవిడ గొంతు లేవలేదు. "మొదట్లో వారం పది రోజులు కష్టంగా అనిపించింది. తర్వాత అలవాటైపోయింది. నేనూ ఒక టీచరూ కలిసి శ్రీకాకుళంలో ఇల్లు చూసుకున్నాం, ఏటి ఒడ్డున. వచ్చే నెల దిగుతామని మాటిచ్చేశాను."

అవతలెక్కడో ఉన్న శ్రీకాకుళం కాదు, మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళమే. దగ్గరే. కానీ ఆవిడ చెప్పిన తీరుకి అది చాలా దూరంలా అనిపించింది.

"ఆ మాట వెనక్కి తీసుకో. గీత పోసి ఉంది కదా, గది కట్టేస్తాను."

"ఇక్కడ ఖాళీ వదులుతానని సంతకం పెట్టానురా. దాని మీద మంచం ఎలా వేసుకోను?"

"పోనీ ఆ బెడ్‌రూమ్ మీరు తీసుకోండి వదినా" అంది మా ఆవిడ వెంటనే. "మేం పైన గది వేసుకుని మెట్లెక్కుతాం. మా కాళ్ళు బాగానే ఉన్నాయిగా."

ఎంత తేలికైన మాట! ఆర్నెల్లు ఆ రెండు కాగితాలతోనే తిరిగాను, ఆ మాట నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. గోడలు జరిగాయి, వంటిల్లు జరిగింది, అక్క గది ఒకదాంట్లో ఉంది, ఒకదాంట్లో లేదు. రెండు ప్లానుల్లోనూ అంగుళం కదలనిది నా బెడ్‌రూమ్ ఒక్కటే. అక్క కూడా అదే ఆలోచించిందేమో, నావైపు ఒకసారి చూసి మా ఆవిడ భుజం తట్టింది.

"వద్దమ్మా. వస్తూ పోతూ ఉంటాను. నాకు కోపమేం లేదు. నిజంగానే లేదు" అంది.

కోపం ఉంటే బాగుండేది. పురోహితుడు పిలిచాడు. అక్క వెళ్ళి ఈశాన్యం గుంతలో పాలు పోసి, నవధాన్యాలు చల్లి, మా ఇద్దరికీ అక్షింతలు వేసింది. భోజనం చేసి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

మర్నాడు మేస్త్రి తవ్వకం మొదలుపెట్టబోతే ఆపి, వెనక గీతలు చెరిపేయమన్నాను. ఆఫీసు ప్లాను చేతికిచ్చి, దీని ప్రకారం పోయమన్నాను. నాకు మతి పోయిందనుకున్నాడు. "ఆఫీసు ప్లాను ప్రకారం ఎవరు కడతారండీ అయ్యగారూ! అంత స్థలం వృథా" అని నెత్తి కొట్టుకున్నాడు. ఆ గది ఎవరికోసమో వాళ్ళే రానప్పుడు ఆ చోటు నాకెందుకు? ఆవిడ సంతకం అయినా నిలబడుతుంది అనుకున్నాను. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. ఆ రోజుల్లో నేను ఏదీ ఆలోచించి చేయలేదు, చేస్తూ పోయానంతే.

ఏడాదిలో ఇల్లు పూర్తయింది. చివరి సర్టిఫికేట్ కోసం వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ చూసే అమ్మాయి వచ్చింది. టేపు పట్టుకుని చుట్టూ కొలిచింది. వెనక వైపు రెండుసార్లు కొలిచింది.

"అంకుల్, ప్లానులో ఎంతుందో అంతే వదిలారు! నేను ఉద్యోగంలో చేరాక ఇలా చూడటం ఇదే మొదటిసారండీ" అని సంబరపడిపోయి, ఆ ఖాళీని నాలుగువైపుల నుంచీ ఫోటోలు తీసుకుంది. నన్నూ నిలబడమంటే నిలబడ్డాను. మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి అక్కడే ట్యాబ్‌లో వివరాలు నింపి, "ఇద్దరు ఓనర్లున్నారు కదండీ, ఇద్దరి ఓటీపీలూ కావాలి" అంది. నాది చెప్పి, అక్కకి ఫోన్ చేశాను. శ్రీకాకుళంలో సిగ్నల్ బాగానే ఉన్నట్టుంది, రెండో రింగుకే ఎత్తింది.

"అక్కా, ఓటీపీ వస్తుంది."

"వచ్చిందిరా, రాసుకో" అని ఆరంకెలూ చెప్పింది, ఒక్కొక్కటీ విడివిడిగా, తొందర లేకుండా. ఆ అమ్మాయి కొట్టి, అయిపోయిందని తలూపింది.

"పడిందా?" అంది అక్క.

"పడిందక్కా."

"ఇక నా సంతకంతో పనేం లేదుగా?"

వెనక గోడ పక్కన, ఆవిడ మంచం పడాల్సిన చోట నిలబడి ఉన్నాను. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. నోరు పెద్దదన్న పేరే గానీ, కావలసిన వేళకి నాకు ఒక్క మాట రాలేదు.

"లేదక్కా. ఇక లేదు" అన్నాను.

"సరే మరి, ఉంటాను" అని పెట్టేసింది.